అరచేతి పలకకు ప్రాణం పోశారు!

సామాన్యుడి చేతిలో కంప్యూటర్ పెట్టాలని బెంగళూరు ప్రొఫెసర్లు కలగన్నారు. అరచేతిలో ఇమిడే యంత్రాన్ని తయారుచేశారు. ఎవరికీ పైసా కట్టనక్కర్లేని లైనక్స్‌ని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. ఆ యంత్రం పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ వాళ్లు నమ్మిన దారి తప్పు కాదని కాలమే తేల్చింది. మార్కాపురం సంతలోనూ, గిద్దలూరు రైల్వేస్టేషన్లోనూ ఇవాళ జేబుజేబుకీ ఉన్నది ఆ లైనక్సే!

ఒకప్పుడు మార్కాపురం పేరు చెబితే బడిపిల్లలకు గుర్తొచ్చేది పలక. చుట్టుపక్కల గనుల్లో తవ్వితీసిన నల్లరాయిని పొరలుపొరలుగా చీల్చి, నునుపుగా రుద్ది, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక తయారు. లారీలెక్కి, రైళ్లెక్కి అవి రాష్ట్రాలు దాటి వెళ్లేవి. కాగితం పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. పలకలకు పనికొచ్చిన రాయి ఇప్పుడు గోడలకూ గచ్చులకూ వేసే టైల్స్‌గా మారింది.

రాతిపలకలో ఓ గొప్పదనం ఉంది. చవక. ఏ భాషైనా రాసుకోవచ్చు. అన్న రాసి చెరిపేస్తే అదే పలక మీద తమ్ముడు రాసుకోవచ్చు. మరి ఈ మూడు సుగుణాలూ కంప్యూటర్‌కీ ఉంటే?

ఇంచుమించు ఇలాంటి ప్రశ్నే 1998లో బెంగళూరులో కొందరికి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో అక్కడ ఓ అంతర్జాతీయ సదస్సు జరిగింది. సమాచార సాంకేతికత పల్లెలకు ఎలా చేరాలన్నది చర్చ. అప్పట్లో ఓ మోస్తరు కంప్యూటర్ కొనాలంటే పదుల వేల రూపాయలు కావాలి. కరెంటు కావాలి. ఇంగ్లిషు రావాలి. పల్లెల్లో ఈ మూడూ ఉన్న ఇళ్లెన్ని? అందుకే బ్యాటరీలతో నడిచేది, మన భాషల్లో మాట్లాడేది, 9 వేల రూపాయల్లో దొరికేది కావాలనుకున్నారు. సింపుల్, ఇన్‌ఎక్స్‌పెన్సివ్, మల్టీలింగ్వల్... అంటే తేలికైనది, చవకైనది, పలు భాషలు తెలిసినది. ఆ మాటల్నే కలిపి ‘సింప్యూటర్’ అని పేరు పెట్టారు.

ఏడుగురు... ఓ ట్రస్టు

1999లో సింప్యూటర్ ట్రస్టు పుట్టింది. ట్రస్టీలు ఏడుగురు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పాఠాలు చెప్పే విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేష్ హరిహరన్, వి.వినయ్ నలుగురు. ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి వినయ్ దేశ్‌పాండే, శశాంక్ గార్గ్, మార్క్ మథయాస్ ముగ్గురు.

వాళ్ల ఆలోచనలో ఓ తెలివైన ఏర్పాటు ఉంది. 9 వేలు కూడా కూలి కుటుంబానికి ఎక్కువే. అందుకని ఊరికో యంత్రం చాలు, మనిషికో స్మార్ట్‌కార్డు ఉంటే సరిపోతుందన్నారు. కార్డు దూర్చగానే యంత్రం మీదైపోతుంది. మీ లెక్కలు, మీ వివరాలు తెర మీదికొస్తాయి. కార్డు తీసేస్తే పక్కవాళ్లు వాడుకోవచ్చు. అన్నదమ్ముల పలక లాగే!

లోపలి సరంజామా ఇవాళ్టి లెక్కలో చూస్తే నవ్వొస్తుంది. 206 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఇంటెల్ ‘స్ట్రాంగ్‌ఆర్మ్’ చిప్. 32 మెగాబైట్ల ర్యామ్. ఇప్పుడు మామూలు ఫోన్లోనే దానికి నూరు రెట్లకు పైగా ర్యామ్ ఉంటోంది. అడుగున మూడు సన్న పెన్సిల్ సెల్స్. పుల్లతో తాకితే పనిచేసే చిన్న తెర. డిస్క్ లేదు, కీబోర్డు లేదు.

చిప్ దొరికింది, తెర దొరికింది, డబ్బా తయారైంది. ఇక మిగిలింది దానికి ప్రాణం పోయడం.

ఇంటికి పెద్దదిక్కు

కంప్యూటర్లో మనకు కనిపించేవి బొమ్మలూ అక్షరాలూ. వాటి వెనక ఎవరికీ కనిపించకుండా చాకిరీ చేసే ప్రోగ్రాం ఒకటుంటుంది. దాన్నే ‘కర్నెల్’ అంటారు. ఇంగ్లిషులో ఆ మాటకి గింజలోని పప్పు అని అర్థం. పైన తొక్క ఎలా ఉన్నా అసలు సరుకు అదే.

ఉమ్మడి కుటుంబంలో వంటింటి పెత్తనం చేసే పెద్దమ్మను గుర్తు తెచ్చుకోండి. గాదెలో గింజలెన్ని ఉన్నాయో, ఎవరికెంత పెట్టాలో ఆమెకే తెలుసు. నలుగురు కోడళ్లూ ఒక్కసారే పొయ్యి దగ్గరికి వస్తే వంతులు వేసేది ఆమే. వీధి తలుపు ఎవరు తట్టినా ముందు పలికేదీ ఆమే. కర్నెల్ పనీ అంతే. ఏ ప్రోగ్రాంకి ఎంత మెమరీ ఇవ్వాలి, చిప్‌ని ఎవరు ఎంతసేపు వాడుకోవాలి, తెర తాకినప్పుడు ఆ కబురు ఎవరికి చెప్పాలి... అన్నీ అదే చూసుకుంటుంది.

ఇప్పుడు ఆ కుటుంబం వేరే ఊళ్లో కొత్త ఇంటికి మారిందనుకోండి. పెద్దమ్మ తెలివితేటలు ఎక్కడికీ పోవు. కానీ బావి ఏ పక్కనుందో, గాదె ఎక్కడుందో, తలుపు గొళ్లెం ఎటు తిరుగుతుందో తెలియదు. అవన్నీ ఎవరో ఒకరు దగ్గరుండి చెప్పాలి. ఒక రకం కంప్యూటర్ కోసం రాసిన కర్నెల్‌ని మరో రకం యంత్రంలో కాపురం పెట్టించడం కూడా ఇలాంటిదే. ఇంజినీర్ల భాషలో దీన్ని ‘పోర్టింగ్’ అంటారు.

సింప్యూటర్ బృందం ఎంచుకున్న కర్నెల్ లైనక్స్. కారణాలు రెండు. మొదటిది డబ్బు. వేరే కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకుంటే ప్రతి యంత్రానికీ లైసెన్సు రుసుం కట్టాలి. 9 వేల యంత్రంలో ప్రతి వందా బరువే. రెండోది ఇంకా ముఖ్యం. లైనక్స్ కోడ్ అంతా బహిరంగం. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. షరతు ఒకటే. మార్చిన కర్నెల్‌ని ఇతరులకు ఇస్తే ఆ మార్పుల కోడ్‌నీ వాళ్లకి ఇవ్వాలి. కొత్త ఇంటి గురించి పెద్దమ్మకు చెప్పాలంటే ముందు ఆమెతో మాట్లాడే వీలుండాలి కదా. మూసిపెట్టిన కోడ్‌తో ఆ అవకాశమే లేదు.

‘ఇది వేరేచోట నడవదు’

లైనక్స్‌ని రాసింది ఫిన్లాండ్ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, ఇంటెల్ 386 చిప్ ఉన్న తన సొంత కంప్యూటర్ కోసం మొదలుపెట్టాడు. అప్పటికి అతడి వయసు 21. ఆ ఏడాది ఆగస్టులో తొలిసారి ఈ సంగతి లోకానికి చెబుతూ ఓ మాట కూడా అన్నాడు. ఇది వేరే యంత్రాల మీదికి మార్చడానికి వీలయ్యే రకం కాదు అని!

మూడేళ్లు తిరక్కుండానే ఆ మాట తారుమారైంది. 1994లో రస్సెల్ కింగ్ అనే ఇంగ్లండ్ యువకుడు లైనక్స్‌ని ‘ఆర్మ్’ చిప్ మీదికి తెచ్చే పని మొదలుపెట్టాడు. ఆర్మ్ చిప్ కూడా ఇంగ్లండ్‌దే. 1985లో కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీలో పుట్టింది. చాలా తక్కువ కరెంటుతో నడవడం దాని ప్రత్యేకత. బ్యాటరీ యంత్రాలకు అంతకన్నా ఏం కావాలి?

ఆ తర్వాత చేతి కంప్యూటర్ల వంతు వచ్చింది. 1998లో కొందరు లైనక్స్‌ని కుదించి, అప్పట్లో బాగా అమ్ముడవుతున్న పామ్ పైలట్‌లో నడిపించారు. ఆ యంత్రంలో మెమరీకి కాపలా కాసే విభాగమే లేదు. ఆ కాపలా లేకుండా పనిచేసేలా కర్నెల్‌నే తిరగరాశారు. అదే ‘యుసీలైనక్స్’. 2000లో కాంపాక్ కంపెనీ ‘ఐప్యాక్’ అనే చేతి కంప్యూటర్‌ని మైక్రోసాఫ్ట్ సిస్టమ్‌తో అమ్మకానికి పెట్టింది. అదే కంపెనీకి అమెరికాలో ఉన్న పరిశోధనశాల ఇంజినీర్లు దాంట్లోకి లైనక్స్‌ని ఎక్కించి, ఎలా చేశామో అందరికీ తెలిసేలా కోడ్ బయటపెట్టారు. అందులో ఉన్నదీ స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్పే. సింప్యూటర్‌లో ఉన్నదీ అదే!

ఇంగ్లండ్ యువకుడి కోడ్, అమెరికా ఇంజినీర్ల అనుభవం, బెంగళూరు బృందం అవసరం... ఒకరినొకరు అనుమతి అడగకుండానే ఇవన్నీ ఒకే పనిలో భాగమయ్యే వీలు దొరికింది. తలుపులు తెరిచి ఉంచడం వల్ల వచ్చిన లాభం ఇది.

మొదటి మాట కోసం...

అందుబాటులో ఉంది కదా అని కర్నెల్‌ని కాపీ చేస్తే యంత్రం లేచి కూర్చోదు. ఒకే చిప్ ఉన్నా తెర వేరు, మీటలు వేరు, తీగల అమరిక వేరు. స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్ ఉన్న చేతి కంప్యూటర్‌లో ఈ పని ఎలా సాగుతుందో చూస్తే ఆ ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

కర్నెల్‌ని తయారుచేసేది ఆ చిన్న యంత్రంలో కాదు. దానికంత శక్తి లేదు. పెద్ద కంప్యూటర్‌లో కూర్చుని, ఆర్మ్ చిప్‌కి అర్థమయ్యే భాషలోకి కోడ్‌ని మార్చే కంపైలర్‌తో వండాలి. ఒక ఇంట్లో వండి మరో ఇంటికి క్యారియర్ పంపినట్టన్నమాట.

తర్వాత ‘బూట్‌లోడర్’. మీట నొక్కగానే మొట్టమొదట మేలుకుని, కర్నెల్‌ని మెమరీలోకి ఎత్తి పెట్టే చిన్న ప్రోగ్రాం ఇది. ఇక్కడ చేయి జారితే అంతే. లేపేవాడే లేకుండా పోతాడు. అలా చచ్చిన యంత్రాన్ని ఇంజినీర్లు ‘ఇటుక’ అంటారు. గోడ కట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదని!

ఆ పైన చిరునామాల గొడవ. మామూలు పీసీలో ర్యామ్ చిరునామా సున్నా నుంచి మొదలవుతుంది. స్ట్రాంగ్‌ఆర్మ్‌లో సున్నా దగ్గరుండేది ఫ్లాష్ మెమరీ. ర్యామ్ ఎక్కడో దూరాన ఉంటుంది. పాత ఇంట్లో గాదె ఉన్నచోట కొత్త ఇంట్లో గోడ ఉందన్నమాట. ఇది సరిగ్గా చెప్పకపోతే కర్నెల్ మొదటి అడుగులోనే బోర్లా పడుతుంది.

పడిందని తెలిసేదెలా? తెర పనిచేయదు. ఎందుకంటే తెరని నడిపే డ్రైవర్ ఇంకా రాయలేదు. అందుకే యంత్రం నుంచి సీరియల్ కేబుల్ ఒకటి పెద్ద కంప్యూటర్‌కి కలుపుతారు. ఆ తీగ మీద అక్షరాలొస్తే ప్రాణం ఉన్నట్టు. ఆర్మ్ మీద పనిచేసిన వాళ్లకు బాగా తెలిసిన వాక్యం ఒకటుంది... ‘అన్‌కంప్రెసింగ్ లైనక్స్... డన్, బూటింగ్ ద కర్నెల్’. మూట విప్పాను, ఇక కర్నెల్‌ని లేపుతున్నాను అని దానర్థం. చాలాసార్లు అక్కడితో సరి. ఆ తర్వాత ఒక్క అక్షరమూ రాదు. నిశ్శబ్దం. తప్పెక్కడుందో చెప్పే దిక్కుండదు. మళ్లీ కోడ్ చదవడం, మళ్లీ వండడం, మళ్లీ ఎక్కించడం. ఆ నిశ్శబ్దం దాటి తర్వాతి వాక్యం కనిపించడానికి రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు.

ప్రాణం వచ్చాక ఒక్కో అవయవాన్నీ కదిలించాలి. ముందు గడియారం. అది టిక్కుమంటేనే కర్నెల్ వంతులు వేయగలదు. తర్వాత తెర. ఆ తర్వాత వేలి తాకిడి. పుల్లతో ఒకచోట తాకితే మరోచోట తాకినట్టు అనుకోకుండా, మూలల్లో గుర్తులు చూపించి తాకమని అడిగి లెక్క సరిచేసుకోవాలి.

స్ట్రాంగ్‌ఆర్మ్‌కి మరో లోటు కూడా ఉంది. దశాంశాల లెక్కలు చేసే విభాగం అందులో లేదు. రెండున్నరని మూడుంబావుతో గుణించమంటే చిప్‌కి చేతకాదు. ఆ లెక్కని పూర్ణసంఖ్యల ముక్కలుగా విడగొట్టి కర్నెలే చేసిపెట్టాలి. అందుకు సమయం ఎక్కువ పడుతుంది. కాబట్టి పైన రాసే ప్రోగ్రాములన్నీ వీలైనంతవరకు దశాంశాల జోలికి పోకుండా రాసుకోవాలి.

డిస్క్ బదులు ఉండే ఫ్లాష్ మెమరీతోనూ తిప్పలే. రాతిపలకలా ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెరిపితే ఊరుకోదు. ఒకేచోట లక్షసార్లు చెరిపేసరికి అరిగిపోతుంది. పైగా రాస్తూ ఉండగా బ్యాటరీ అయిపోతే సమాచారమంతా చెడిపోవచ్చు. ఈ రెండింటికీ విరుగుడుగా ‘జేఎఫ్ఎఫ్ఎస్2’ అనే పద్ధతి 2001లో వచ్చింది. రెడ్‌హ్యాట్ ఇంజినీర్ డేవిడ్ ఉడ్‌హౌస్ దాని కర్త. రాతను ఒకేచోట కాకుండా ఫ్లాష్ అంతటా మార్చిమార్చి రాస్తుంది. మధ్యలో కరెంటు పోయినా పాత రాత చెక్కుచెదరదు.

అన్నిటికన్నా కష్టం నిద్ర! వాడనప్పుడు చిప్ ఆగిపోవాలి, తెర ఆరిపోవాలి, ర్యామ్‌లోని సమాచారం మాత్రం పోకూడదు. మీట నొక్కగానే ఏమీ జరగనట్టు లేవాలి. నిద్రపుచ్చడం సులువే. ప్రతి అవయవాన్నీ మళ్లీ సరైన వరసలో లేపడమే గండం. అది కుదరకపోతే మూడు పెన్సిల్ సెల్స్ పూటకే ఖాళీ.

మెచ్చినవాళ్లు ఎక్కువ... కొన్నవాళ్లు తక్కువ

2001 ఏప్రిల్ 25న సింప్యూటర్ నమూనా లోకానికి కనిపించింది. ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఆ ఏడాది కంప్యూటర్ రంగంలో వచ్చిన ముఖ్యమైన ఆవిష్కరణగా న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రచయిత బ్రూస్ స్టెర్లింగ్ దీన్ని పేర్కొన్నాడు. రాసింది చదివి మన భాషల్లో వినిపించే ‘ధ్వని’ అనే ప్రోగ్రాం కూడా ఈ ప్రయత్నంలోంచే వచ్చింది. దాన్ని రూపొందించింది రమేష్ హరిహరన్. చదువు రాని మనిషికి యంత్రమే చదివి చెప్పాలన్నది ఉద్దేశం. తర్వాతి కాలంలో వేరేవాళ్లు దాన్ని పెంచుతూ వచ్చారు. అది నేర్చిన భాషల్లో తెలుగూ ఉంది.

యంత్రం తయారీ రహస్యాలు కూడా దాచుకోలేదు. నిర్ణీత రుసుం కట్టిన ఏ సంస్థ అయినా తయారుచేసుకోవచ్చన్నారు. ఆ రుసుం పేద దేశాలకు తక్కువ, ధనిక దేశాలకు ఎక్కువ.

కానీ నమూనాకీ బజారుకీ మధ్య మూడేళ్లు గడిచిపోయాయి. ప్రొఫెసర్లు పెట్టిన పికోపేటా సంస్థ, ప్రభుత్వరంగ భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి 2004 మార్చిలో ‘అమిడా’ పేరుతో సింప్యూటర్‌ని విడుదల చేశాయి. తక్కువ రకం ధర 10 వేల లోపు. రంగుల తెర ఉన్నది దాదాపు 20 వేలు. చేతిని అటూ ఇటూ వంచితే ఆ కదలికను గుర్తుపట్టే ఏర్పాటు అందులో ఉంది. ఐఫోన్ రావడానికి మూడేళ్ల ముందు మాట అది!

కర్ణాటకలో భూమి రికార్డుల పనికీ, ఛత్తీస్‌గఢ్‌లో బడిపిల్లల చదువుకీ వాడి చూశారు. అయినా 2005 నాటికి అమ్ముడైనవి 4 వేల దరిదాపుల్లోనే. పెట్టుకున్న లక్ష్యమేమో 50 వేలు. ఆలోగా సెల్‌ఫోన్ ధరలు దిగొచ్చాయి. మామూలు కంప్యూటర్లూ చవకయ్యాయి. పదివేలు పెట్టగలిగినవాడు ఫోన్ కొనుక్కున్నాడు. పెట్టలేనివాడికి ఊరికో యంత్రం కొనిచ్చే పూచీ ఎవరూ తీసుకోలేదు.

కలలో సగం ఊరికి చేరింది

సింప్యూటర్ రాలేదు గానీ, చేతి యంత్రం మాత్రం పల్లెకు వచ్చింది. కార్డు పెట్టి, వేలిముద్ర వేసి, డబ్బు తీసుకునే పద్ధతి 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు అలా ఇచ్చారు. తర్వాత ఎనిమిది జిల్లాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తాంకర్ ఈ పద్ధతిని పరిశీలించారు. డబ్బు త్వరగా అందుతోందని, దారిలో మాయమయ్యే సొమ్ము తగ్గిందని 2016లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. మనిషికో కార్డు, ఊరికో యంత్రం... బెంగళూరు ప్రొఫెసర్లు అనుకున్నది ఇలాంటిదే కదా!

2015 నుంచి రాష్ట్రంలో రేషన్ దుకాణాల్లో ఈ-పాస్ యంత్రాలొచ్చాయి. ఆర్టీసీ కండక్టర్ చేతిలో టికెట్ యంత్రం, కరెంటు బిల్లు కొట్టే మనిషి చేతిలో బిల్లింగ్ యంత్రం సరేసరి. ఇలాంటి చేతి యంత్రాలు మన దగ్గరే తయారవుతున్నాయి. హైదరాబాద్‌కి చెందిన లింక్‌వెల్ టెలిసిస్టమ్స్ ‘విజన్‌టెక్’ పేరుతో చేసేవాటిలో లైనక్స్‌తో నడిచేవీ ఉన్నాయి.

ఇక ఫోన్ల సంగతి. 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది. దాని పొట్టలో ఉన్నది లైనక్స్ కర్నెల్. చిప్ ఆర్మ్. ఆ తర్వాత వచ్చిన కోట్లాది ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ కర్నెల్ లైనక్సే. కంభం చెరువు కింద వరి వేసిన రైతు వాతావరణం చూసుకునేది, దోర్నాలలో శ్రీశైలం బస్సు కోసం ఆగిన ప్రయాణికుడు టీకొట్టులో డబ్బు చెల్లించేది దాని మీదే. వేరే యంత్రానికి పనికిరాదని సృష్టికర్తే అనుకున్న కర్నెల్, నల్లమల అంచుల దాకా వచ్చేసింది.

మరి రెండో సగం?

సింప్యూటర్ కలలో చవక ఒక సగమైతే, తలుపులు తెరిచి ఉండడం రెండో సగం. అదింకా పూర్తిగా నెరవేరలేదు.

పొదుపు చేసి పదివేలు పెట్టి కొన్న ఫోన్, నాలుగేళ్లు తిరిగేసరికి పాతబడిపోతుంది. తెర బాగానే ఉంటుంది, మాట బాగానే వినిపిస్తుంది. కానీ కంపెనీ కొత్త అప్‌డేట్లు ఇవ్వడం మానేస్తుంది. కొన్నాళ్లకి బ్యాంకు యాప్ ‘ఈ ఫోన్లో పనిచేయను’ అంటుంది. మళ్లీ పదివేలు! పింఛను మీద బతికే అవ్వకైనా, రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబానికైనా ఇది చిన్న ఖర్చు కాదు.

ఎందుకిలా? మళ్లీ పెద్దమ్మ కథకే రావాలి. ఫోన్ తయారుచేసేటప్పుడు కంపెనీలు అప్పటికున్న కర్నెల్‌ని తీసుకుని, తమ ఇంటి గుట్టుమట్లన్నీ హడావుడిగా దానికి చెబుతాయి. ఆ మార్పుల్ని లైనక్స్ మూల కోడ్‌లో చేర్పించాలంటే శుభ్రంగా తిరగరాయాలి, పెద్దల పరీక్షకు నిలబడాలి. అందుకు సమయం పడుతుంది. ఈలోగా కొత్త మోడల్ వచ్చేస్తుంది. దాంతో పాత ఫోన్ పాత కర్నెల్ దగ్గరే ఆగిపోతుంది. కొన్ని భాగాల్ని నడిపే ప్రోగ్రాముల కోడ్‌ని అసలు బయటపెట్టరు. చట్రం మీద లైనక్స్ అని రాసి ఉన్నా లోపల కొన్ని గదులకు తాళాలే!

ఆర్మ్ యంత్రాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కోడ్ రాసి పడేస్తుంటే, 2011లో లైనస్ టోర్వాల్డ్సే విసుక్కున్నాడు. దాంతో ఓ పద్ధతి స్థిరపడింది. ఏ యంత్రంలో ఏ భాగం ఎక్కడుందో చెప్పే జాబితాను కర్నెల్ కోడ్‌లో కలపకుండా విడిగా రాసి ఇవ్వాలి. దీన్ని ‘డివైస్ ట్రీ’ అంటారు. కొత్త ఇంటి నక్షా గీసి పెద్దమ్మ చేతికిచ్చినట్టు. నక్షా చదవడం వస్తే ఆమె ఏ ఇంట్లోనైనా కాపురం చక్కబెడుతుంది. దీనివల్ల పోర్టింగ్ చాలా తేలికైంది.

ఈ వీలుని ఆసరా చేసుకుని 2017లో ‘పోస్ట్‌మార్కెట్ ఓఎస్’ అనే ప్రయత్నం మొదలైంది. కంపెనీలు వదిలేసిన ఫోన్లలోకి కొత్త లైనక్స్ కర్నెల్ ఎక్కించి, ఫోన్‌కి పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలన్నది లక్ష్యం. వందల మోడళ్లు కనీసం ప్రాణం పోసుకున్నాయి. అన్నీ సవ్యంగా పనిచేసేవి, కాల్ మాట్లాడటానికి కూడా పనికొచ్చేవి మాత్రం ఇంకా కొన్నే. తాళం వేసిన గదులే అందుకు అడ్డు. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని ఔత్సాహికులు.

కోడ్ తెరిచి ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్లకూ అనుభవమే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థలో ఔత్సాహికులు, విద్యార్థులు కలిసి లైనక్స్ ఆధారంగా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ని తెలుగులోకి తెచ్చారు. మెనూలు తెలుగులో కనిపించాలంటే ఏ కంపెనీ తలుపూ తట్టనక్కర్లేకపోయింది.

బెంగళూరులో ఏడుగురు ఈ పని తలపెట్టిన రోజుల్లో స్ట్రాంగ్‌ఆర్మ్ బోర్డు సంపాదించడమే గగనం. ఇప్పుడలా కాదు. మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఇంజినీరింగ్ చదివే పిల్లల ఇళ్లల్లో మూలన పడేసిన ఫోన్ ఒకటైనా ఉంటుంది. కర్నెల్ కోడ్ ఉచితం. ఫీజు అడిగేవాళ్లెవరూ లేరు. కావలసిందల్లా ఆ నిశ్శబ్దాన్ని భరించే ఓపిక.

చేసి చూడాలనుకుంటే...

* ఇంట్లో వాడుతున్న ఫోన్ జోలికి వెళ్లకండి. పక్కన పడేసిన పాత ఫోన్ తీసుకోండి. ‘ఇటుక’ అయిపోయినా బాధ ఉండదు. ముందే అందులోని ఫొటోలు, నంబర్లు వేరేచోట దాచుకోండి.

* బ్యాటరీ ఉబ్బి ఉంటే ముట్టుకోవద్దు. అలాంటి ఫోన్‌ని ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం.

* మోడల్ పేరు, లోపలున్న చిప్ పేరు తెలుసుకోండి. ఆ మోడల్‌లోకి ఎవరైనా ఇప్పటికే లైనక్స్ ఎక్కించి ఉంటే సగం శ్రమ తప్పినట్టే.

* బూట్‌లోడర్ తాళం తీసే వీలుందో లేదో చూడండి. కొన్ని కంపెనీలు అసలు తీయనివ్వవు. తాళం తీయగానే ఫోన్లో ఉన్న సమాచారమంతా చెరిగిపోతుంది.

* మొదటిరోజే తెర వెలగాలని ఆశపడొద్దు. తీగ మీద ఒక్క అక్షరం వచ్చినా గెలిచినట్టే. సి భాష తెలిస్తే ఆ తర్వాతి దారి చదువుకుంటూ వెళ్లొచ్చు.

* పని పూర్తయితే మీ దగ్గరే దాచుకోకండి. అదే మోడల్ ఫోన్ మరో ఊళ్లో మరొకరి ఇంట్లో మూలన పడి ఉండొచ్చు. మీరు గీసిన నక్షా వాళ్లకి ఓ ఫోన్ ఖర్చు తప్పిస్తుంది.